ఎడమచేతి ముడి

రేగుకొమ్మకు కట్టిన పసుపుపచ్చ పేలిక అక్కడ లేదు.

వనజ ఆగిపోయింది. పోయిన ఆదివారం తన చేతులతో కట్టిన పేలిక అది. లైనింగ్ గుడ్డలో మిగిలిన ముక్క. కింద పడిందేమోనని వంగి వెతికింది. ఎండిన రేగుకాయలు, మేక పెంటికలు, మంచుకు తడిసిన గడ్డి తప్ప ఏమీ లేవు. తల ఎత్తేసరికి కనిపించింది. ఎడమ పక్కన, రెండు గుండ్ల సందులో, ఆకులు రాలిన సీతాఫలం చెట్టుకు కట్టి ఉంది. గాలికి మెల్లగా ఊగుతోంది.

గాలికి కొట్టుకుపోతే నేల మీద పడాలి. మేక లాగితే నోట్లోకి పోవాలి. తనంతట తాను వెళ్ళి ఇంకో చెట్టుకు కట్టుకునే పేలిక ఈ లోకంలో లేదు.

యూనివర్సిటీ వెనక గేటు దాటితే వచ్చే ఈ గుట్టకు పేరు లేదు. అందరూ గుట్ట అనే అంటారు. చలికాలం వచ్చిందంటే వనజ ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక్కతే దీన్ని ఎక్కుతుంది. గుండ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. దీపావళి తర్వాత ఒకసారి దారి తప్పి, అవతలి వైపున్న పాత క్వారీ గుంత అంచుకు పోయి నిలబడింది. అప్పటి నుంచి తొవ్వ పొడుగునా గుర్తుగా పేలికలు కడుతోంది.

ఇంట్లో చెప్పింది మాత్రం వేరు. తార్నాక సందులో తనకున్న కుట్టు దుకాణంలో ఆదివారం అర్జెంటు పని ఉందని. కాన్వాసు బూట్లు మిషన్ కింద, గుడ్డముక్కల సంచీలో దాచి ఉంటాయి. ఆరు రోజులు వంగి కూర్చుని జాకెట్లు కుట్టే మనిషికి ఆ ఒక్క పూట సొంతం. ఈ సంగతి తెలిస్తే ఆమె భర్త పరుశురాం అరవడు. 'ఒక్కదానివే ఎందుకే, నేను తోడొస్త' అంటాడు. లేదంటే 'పోవద్దు' అంటాడు. ఏది అన్నా ఆమెకు గుట్ట పోయినట్టే.

ఇప్పుడేం చేయాలి? పాత తొవ్వ కళ్ళు మూసుకున్నా గుర్తే. నేరుగా అటే వెళ్ళొచ్చు. వెనక్కి తిరిగి దిగిపోతే ఇంకా మంచిది. కానీ ఏ జాకెట్టునైనా తిరగేసి లోపలి కుట్టు చూడనిదే చేతికి తీసుకోని మనిషి వనజ. శాలువా తల మీదుగా కప్పుకుని, రెండు గుండ్ల సందులోకి పక్కకు తిరిగి దూరింది.

అవతల ఎర్ర పేలిక ఉంది. దాని తర్వాత నీలం. అన్నీ తనవే. జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించిన పళ్ళపళ్ళ అంచులు. ఎవరో ఒక్కొక్కటే విప్పి, ఓపికగా మళ్ళీ కట్టారు. వనజ తన కంటి ఎత్తున కడుతుంది. ఇవి భుజం కిందికే ఉన్నాయి. అంటే కట్టిన మనిషి పొట్టి. ఇంకొంచెం పైకి వెళ్ళాక తొవ్వకు అడ్డం వచ్చే ముళ్ళకంప విరిచి పక్కన పెట్టి ఉంది. రెండు బండల మధ్య సందు మీద ఒక పలకరాయి పరిచి ఉంది.

దొంగలు తొవ్వ బాగుచేస్తారా? చేస్తారేమో, లోపలికి రప్పించుకోవడానికి. ఆ మాట తోచగానే వనజ శాలువా బిగించి పట్టుకుంది. అయినా కాళ్ళు ఆగలేదు.

తొవ్వ గుట్ట నెత్తిన ఒక వెడల్పాటి బండ దగ్గర ఆగింది. బండ మధ్యలో చిన్న దొన. దాంట్లో నీళ్ళు, నీళ్ళలో ఆకాశం. ఇన్నాళ్ళుగా ఎక్కుతున్నా ఈ చోటు ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎదురుగా మౌలాలి గుట్ట మంచులో తేలుతోంది. కింద లాలాపేట్ ఇళ్ళు, రైలు పట్టాలు, దూరంగా తార్నాక మీదుగా మెట్రో. ఎండ పొడిచేసరికి బండ వెచ్చబడింది. వనజ చుట్టూ చూసింది. ఎవరూ లేరు. డబ్బాలోంచి సర్వపిండి ముక్క తీసి తింటూ, మధ్యమధ్య వెనక్కి తిరిగి చూస్తూ, చాలాసేపు కూర్చుంది.

దిగే ముందు ఆఖరి పేలికను పట్టి చూసింది. తను కట్టేది గట్టి జంటముడి. ఇది అసలు ముడే కాదు. రెండు చుట్లు, ఒక మెలిక. అయినా జారడం లేదు. విప్పితే సాక్ష్యం పోతుంది. అందుకని పుల్లతో సహా విరిచి సంచీలో వేసుకుంది.

వెనక గేటు దగ్గర సెక్యూరిటీ కొమురెల్లి ఎండుటాకుల మంట కాగుతున్నాడు.

"అన్నా, గుట్ట మీదికి ఇంకెవరన్న పోతున్నరా?"

"నెమళ్ళు పోతయి. నువ్వు పోతవ్. వాటికైతే పనిలేదు, నీకేమైందక్కా?"

"మజాక్ కాదన్నా. నా పేలికలు ఎవరో విప్పి వేరే తొవ్వల కట్టిన్రు."

కొమురెల్లి కర్రతో మంటను కెలికాడు. అవసరం లేకపోయినా మళ్ళీ కెలికాడు. "నాకేమెరుక. నా డ్యూటీ గేటు దాకనే." తర్వాత ఆమె శాలువా వైపు చూసి నవ్వు ఆపుకున్నాడు. "ఈ శాలువ మాత్రం మస్తుగున్నది. ఎంత దూరమున్నా మెరుస్తది."

అది ఆటో యూనియన్ వాళ్ళు పరుశురాంకు సన్మానం చేసి కప్పిన శాలువా. ముదురు ఎరుపు, జానెడు జరీ అంచు. మగవాడు కప్పుకుని ఆటో నడపలేడు కనుక ఇంట్లో ఎవరికి చలేస్తే వాళ్ళు కప్పుకుంటున్నారు. కొమురెల్లి ఎందుకు నవ్వుకున్నాడో వనజకు అప్పుడు అర్థం కాలేదు.

సోమవారం మధ్యాహ్నం శ్రీలలిత జాకెట్టు సరిచూసుకోవడానికి దుకాణానికి వచ్చింది. దగ్గర్లోని పరిశోధన సంస్థలో ఉద్యోగం ఆమెకు. ఊరు కాకినాడ వైపు.

"చంక దగ్గర పట్టేస్తోందండీ వనజగారూ. చెయ్యెత్తితే ప్రాణం పోతోంది."

"కొలత పాతదే మేడం. మనిషే కొత్త." వనజ పళ్ళ మధ్య గుండుసూదులు పట్టుకునే మాట్లాడింది. "అరిసెలు జర తగ్గించాలె."

"మీరు కుట్టేది జాకెట్టా, డైట్ ప్లానా?" శ్రీలలిత నవ్వి చెయ్యి దించింది. అంతలో కౌంటర్ మీదున్న పుల్ల ఆమె కంట పడింది. "ఇదేంటండీ, పుల్లకి జడ వేశారు?"

"నేను వెయ్యలే. దొరికింది. ఇదేం ముడో ఎరుకనా మేడం?"

శ్రీలలిత పుల్లను వెలుతురుకు పట్టి తిప్పింది. "పూలు కట్టే ముడి కదూ. మా అమ్మ మల్లెలు ఇలాగే కట్టేది." మళ్ళీ తిప్పి చూసి కనుబొమలు ముడిచింది. "కానీ ఇది తిరగబడి ఉందండీ. అద్దంలో చూసినట్టు."

"అంటే?"

"మా అక్కది ఎడమచేతివాటం. పక్కన కూర్చోబెట్టుకుని ఎంత నేర్పినా దానికి రాలేదు. చివరికి మా అమ్మ ఎదురుగా కూర్చోబెట్టి నేర్పింది. అప్పట్నుంచి దాని దండలన్నీ ఇలా తిరగబడే ఉంటాయి." పుల్ల కింద పెట్టి గొంతు తగ్గించింది. "ఎవరైనా చేతబడి గట్రా చేశారంటారా?"

"చేస్తే మీ జాకెట్టుకే చేసిన్రు మేడం. గందుకే బిగుతైంది."

ఆమె వెళ్ళాక వనజ షట్టరు సగం దించింది. ఒక దారం తీసుకుని కుడిచేత్తో పుల్లకు రెండు చుట్లు చుట్టి మెలిక వేసింది. కలవలేదు. చెయ్యి మార్చింది. ఎడమచెయ్యి మాట వినలేదు, వేళ్ళు ఒకదానికొకటి అడ్డం వచ్చాయి. మూడోసారికి పడింది. పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒక్కటే.

పొట్టి మనిషి. పూలు కట్టే మనిషి. ఎడమచెయ్యి. ఇన్ని ఆనవాళ్ళు దొరికాక మనిషి దొరక్కుండా ఎలా ఉంటుంది? తార్నాకలో పూలమ్మే వాళ్ళందరినీ మనసులో ఒక్కొక్కరినే పిలిచి చేతులు చూసింది. ఎవరి చేతులూ సరిపోలేదు.

లాలాపేట్‌లో ఇంటి గడప తొక్కేసరికి సాయంత్రమైంది. అత్త పోచమ్మ నట్టింట్లో దీపం వెలుతురుకు కూర్చుని దండలు కడుతోంది. రేపు మంగళవారం. ఆంజనేయస్వామికి జిల్లేడు దండలు కావాలి. తార్నాక మెట్రో మెట్ల కింద పూలమ్మే వాళ్ళందరి దగ్గరా ఊదా జిల్లేడే ఉంటుంది. తెల్లది పోచమ్మ దగ్గరే దొరుకుతుంది. దూరం నుంచి కూడా దాని కోసం వస్తారు.

వనజ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడిపోయింది.

నార ఒక కొస పోచమ్మ కాలి బొటనవేలికి చుట్టి ఉంది. జిల్లేడు పాలు అంటకుండా చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుంది. దాని అంచు పళ్ళపళ్ళుగా ఉంది. నాలుగు పూలు పేర్చింది, రెండు చుట్లు చుట్టింది, మెలిక వేసి లాగింది. చుట్టేదీ లాగేదీ ఎడమచెయ్యే. అన్నం తినేది, బొట్టు పెట్టుకునేది, డబ్బు తీసుకునేది కుడిచెయ్యి. పూల దగ్గర మాత్రం ఎడమది. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి రోజూ చూస్తున్న చెయ్యి. చూస్తూ ఉండి కూడా చూడలేదు.

"ఏందట్ల నిలబడ్డవ్? దయ్యాన్ని చూసినవా?" అంది పోచమ్మ తల ఎత్తకుండా.

"అత్తమ్మా, ఈ తెల్ల జిల్లేడు నీకు ఏడ దొరుకుతది?"

"ఏడేంది? గుడిమల్కాపూర్ మార్కెట్ల."

"చీరంచుకు గడ్డిగింజలు అంటినయి."

"మార్కెట్ల గడ్డి మొలవదా?" పోచమ్మ ఇంకో నాలుగు పూలు పేర్చింది. "పో, కాళ్ళు కడుక్కో."

వనజ కాళ్ళు కడుక్కుంది. తన బూట్ల మేజోళ్ళకు ప్రతి ఆదివారం అంటుకునేవీ ఆ గింజలే. ఇప్పుడు కథ తెలిసింది. తన పాత తొవ్వ పక్కనే ఎక్కడో తెల్ల జిల్లేడు చెట్టుంది. పేలికలు చూసి నలుగురూ అటు వస్తారని ముసలామె భయపడింది. పేలికలు కట్టింది ఎవరో తెలియక విప్పి ఇంకో దిక్కు కట్టింది. అంతే.

అంతేనా? మరి పలకరాయి ఎందుకు పరిచింది? ముళ్ళకంప ఎందుకు విరిచింది? తెలియని మనిషి కోసం అంత పని ఎవరు చేస్తారు?

మంగళవారం రాత్రి అన్నాల దగ్గర పరుశురాం ముద్ద కలుపుతూ ఉన్నట్టుండి ఆగాడు.

"రవికాంత్ గాడు మొన్న ఆదివారం పొద్దున పట్టాల దిక్కు ఆటో తోలుకపోయిండట. గుట్ట మీద మన సన్మానం శాలువ మెరుస్తుంటె చూసిండట. 'మీ ఇంటామె గుట్టెక్కి ఏం చేస్తున్నదిరా' అని స్టాండ్‌ల అందరి ముందట అడిగిండు. నాకేం చెప్పాల్నో తెల్వలే."

వనజ అతను అడగకుండానే కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

"ఎవరు పోయిన్రు?" పరుశురాం భార్య వైపే చూశాడు. కోపం లేదు. అంతకంటే కష్టమైనది ఉంది. దిగులు.

వనజ నోరు తెరిచింది. మాట రాకముందే పక్క నుంచి ఇంకో మాట వచ్చింది.

"నేనే," అంది పోచమ్మ. పచ్చిపులుసు పోసుకుంటూ అంది, ఉప్పు తక్కువైందన్నట్టుగా. "జిల్లేడు కొయ్యనీకి పోయిన."

"గుడిమల్కాపూర్ అంటివి గద అవ్వా?"

"గుడిమల్కాపూర్ల తెల్లది ఎవడమ్ముతడు? అంత ఊదానే."

"వానకాలం జారిపడి మోకాలు పట్టుకొని ఏడ్చినవ్. యాదికి లేదా? గుండ్ల నడుమ పడితే ఎవరు చూస్తరు?" పరుశురాం కంచం పక్కకు జరిపాడు. "ఇగ బంద్. ఏ పూలు కావాల్నో నాకు చెప్పు, నేను తెస్త."

పోచమ్మ పచ్చిపులుసు అన్నం తిని, కంచం తానే కడుక్కుని, వెళ్ళి పడుకుంది. ఆదివారం పొద్దున్నంతా అత్త మెట్రో మెట్ల కింద బుట్ట ముందు కూర్చుని ఉంటుంది. ఆ సంగతి కొడుక్కు తట్టలేదు. కోడలికి తెలుసు. కోడలికి తెలుసునన్న సంగతి అత్తకూ తెలుసు.

తెల్లారి పరుశురాం ఆటో తీసుకుని వెళ్ళగానే వనజ వంటింట్లోకి వచ్చింది. పోచమ్మ వేళ్ళ మీద ఎండిన జిల్లేడు పాలకు కొబ్బరినూనె రాసి రుద్దుకుంటోంది.

"ఆదివారం నువ్వు పోలే అత్తమ్మా."

"ఎరుకే."

"శాలువ నేను కప్పుకున్న."

"అదీ ఎరుకే."

"పేలికలు నావని..."

"మొదటి పొద్దే ఎరుకైంది. తార్నాకల ఆ పండ్లుపండ్లుగ కత్తిరించే కత్తెర ఇంకెవరికున్నది?" చూపుడువేలి పీలిక విప్పి చూపించింది. "నీ దుకాణంల ముక్కే ఇది. నీకంటే ముందుగాల్నుంచి ఎక్కుతున్న నేను. సోమారం, శుక్రారం. నువ్వు ఐతారం. ఇన్ని దినాలు మంచిగనే నడిచింది."

"మరి ఎందుకు మార్చినవ్?"

"నీ తొవ్వ నా చెట్టు ముందటి నుంచి పోతున్నది. ఎన్నడో ఒకనాడు ఎదురుపడతం. ఎదురుపడితే ఏమైతది? ఇంట్ల మాటయితది. 'అత్తమ్మా, ఒక్కదానివే వచ్చినవా, ఇగ నేను తోడొస్త' అంటవ్. మంచిదానివే, అనకుండ ఉండవు." పోచమ్మ ఇంకో వేలు రుద్దింది. "గాడ గుట్ట మీద నన్ను ఎవ్వరు పిలవరు. అమ్మా అనరు, అత్తమ్మా అనరు, మూరెంత అని అడగరు. అందుకే నిన్ను అటు మళ్ళించిన. అటు గూడ మంచి జాగనే."

"రాత్రి నువ్వెందుకు ఒప్పుకున్నవ్?"

"ఇద్దరిది పోవుడెందుకు? ఒక్కరిదన్న ఉండనియ్యి." నూనె సీసా మూత పెట్టి లేచింది. లేచేటప్పుడు మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది.

వనజ ఆ రోజంతా మిషన్ తొక్కుతూ ఆలోచించింది. నిజం చెప్పేస్తే? అత్తకు తిరిగి రాదు, తనదీ పోతుంది. ఊరుకుంటే? ఆదివారం గుట్ట ఎక్కుతుంది. దొన పక్కన కూర్చుంటుంది. ఆ బండ మీద సర్వపిండి గొంతు దిగుతుందా? ఒక చెయ్యి కురచైనప్పుడు రెండో చెయ్యి కూడా కత్తిరిస్తే జాకెట్టు సరిపోదు. ఎక్కడో ఒకచోట గుడ్డ అతకాలి. ఎక్కడ?

గురువారం సాయంత్రం పరుశురాం మాట నిలబెట్టుకున్నాడు. పాలిథీన్ కవరు నిండా జిల్లేడు తెచ్చి తల్లి ముందు పెట్టాడు. ఊదా పూలు. ఆటో సీటు కింద నలిగి, పాలు కారి, ముద్దైపోయాయి.

పోచమ్మ కవరు తెరిచి చూసింది. "దేవునికా, మేకకా?"

"పూలు పూలే గదనే అవ్వా."

"ఆటోలు ఆటోలే గద. రేపు ఇంకోని ఆటో తోలు."

పరుశురాం తల గోక్కున్నాడు. అతుకు ఎక్కడ వెయ్యాలో వనజకు అప్పుడు కనిపించింది.

"అత్తమ్మ ఒక్కతే పోతెనే గద నీకు ఫికరు?" అంది భర్తతో. "రేపు నేను తోడు పోత. శుక్రారం పొద్దున దుకాణం లేటుగ తెరుస్త. ఐతారం దుకాణం పని తగ్గించుకుంట."

పోచమ్మ చురుక్కున చూసింది. ఆ చూపులో ఉన్నది వనజకు అందింది. చెప్పిన తర్వాత కూడా అదే మాట అన్నావు కదా అని. "నాకు తోడెందుకు? చిన్నపిల్లనా?"

"గిది మంచిగున్నది," అన్నాడు పరుశురాం. గుండెల మీది బరువు దిగినట్టు గోడకు చేరగిలబడ్డాడు. "ఇద్దరుంటే నాకు పరేషాన్ లేదు. రవికాంత్ గానికి గూడ చెప్తా, మా ఇంటోళ్ళు పూలకు పోతరని. వనజా, ఆమెను ఇడిచి ఇటటు పోకు."

వనజ ఆ మాటకు తల ఊపింది. పోచమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

శుక్రవారం పొద్దున మంచు ఇంకా విడవలేదు. బుట్ట చంకన పెట్టుకుని పోచమ్మ ముందు నడిచింది, మోకాలి నొప్పిని కూడా లెక్క చెయ్యకుండా. వెనక గేటు దగ్గర కొమురెల్లి ఇద్దరినీ చూసి కర్ర కింద పెట్టాడు.

"ఇయ్యాల ఇద్దరొక్కసారే? మరి శాలువ ఎవరి వంతు?"

"నోర్మూసుకొని మంట కాసుకో," అంది పోచమ్మ.

నవ్వింది వనజ ఒక్కతే. గుట్ట మొదట్లో పసుపుపచ్చ పేలిక కనిపించగానే ఆగి, ఒక రాయి మీద కాలు పెట్టి, బూటు దారం బిగించుకుంది. అవసరానికి మించి బిగించుకుంది.

"నువ్వు నడువు అత్తమ్మా. నేను ఎడమ దిక్కు పోత."

పోచమ్మ వెనక్కి తిరిగింది. "తోడొస్తనంటివి?"

"ఇంటి కెల్లి గుట్ట దాక వచ్చిన. మళ్ళ గుట్ట కెల్లి ఇంటి దాక వస్త."

"వానికి ఇటటు పోనని తల ఊపితివి?"

"ఊపిన. ఇటు పోత. అటు పోను." వనజ లేచి శాలువా సర్దుకుంది. "కాలు నొస్తె ఒక కూత పెట్టు. ఇనపడ్తది."

పోచమ్మ కోడలిని కింది నుంచి పైదాకా చూసింది, కొత్త పూలబుట్టలో బాగున్నదీ లేనిదీ ఏరినట్టు. "నేనేం పెట్ట," అని కుడివైపు తిరిగింది. మంచులో కాసేపు ఆమె చీర రంగు కనిపించింది. తర్వాత అదీ లేదు.

వనజ గుండ్ల సందులోకి దూరింది. ఎర్ర పేలిక, నీలం పేలిక, పలకరాయి. బండ మీద శాలువా విప్పి, జరీ అంచు పట్టాల వైపు కనిపించేలా పరిచింది. రవికాంత్ చూస్తే చూడనీ. చెవి మాత్రం కుడివైపే ఉంచింది. కూత రాలేదు. మొదట కొమ్మలు విరిచిన చప్పుడు వచ్చింది, తర్వాత అదీ ఆగింది. ఇంకాసేపటికి ఏదో సన్నగా, పదాలు అందకుండా, కూనిరాగం. అత్త పాడుతుందని వనజకు అప్పటిదాకా తెలియదు. విన్నట్టు ఎప్పటికీ చెప్పకూడదని అనుకుంది.

దిగేసరికి పోచమ్మ రేగుచెట్టు కింద నిలబడి ఉంది. బుట్ట నిండా తెల్ల జిల్లేడు, పైన తడిగుడ్డ.

"దొనల నీళ్ళున్నయా?"

"ఉన్నయ్."

"ఎండకు బండ వెచ్చగయిందా?"

"అయింది." రెండు అడుగులు వేశాక వనజ ఆగింది. "ఆ బండ నీదా అత్తమ్మా?"

"మోకాలికి దెబ్బ తగిలినంక, నీ పేలికలు కట్టనీకి తప్ప ఎక్కలే." పోచమ్మ బుట్ట ఇంకో చంకకు మార్చుకుంది. "ఉత్తగ పండబెట్టుడెందుకని నీకిచ్చిన."

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు నడిచారు. చెట్ల మధ్య నుంచి గేటు, కొమురెల్లి మంట పొగ కనిపించాయి. గేటు అవతల ఆటోను అడ్డంగా ఆపి, టీ గ్లాసుతో రవికాంత్ నిలబడి ఉన్నాడు. ఇటే చూస్తున్నాడు.

పోచమ్మ చప్పున వనజ మోచెయ్యి పట్టుకుంది.

"ఏమైంది? నొస్తున్నదా?"

"నొచ్చుడేం లేదు," అంది పోచమ్మ, శాలువా రెండో కొంగు తన భుజం మీదికి లాక్కుంటూ. "తోడొచ్చినవ్ గద. జర తోడు లెక్క నడువు."